ల్యాండింగ్‌లో విమానం పక్కకి లాగేస్తే: ముందు ఏ వైపు లాగిందో చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. టెక్సాస్‌లో సెస్నా 172 మీద శిక్షణ తీసుకుంటున్నారు, 45 గంటలు అయ్యాయి. రన్‌వే 18 (అంటే 180 డిగ్రీల దిక్కు, దక్షిణం వైపు), టవర్ చెప్పిన గాలి 230 డిగ్రీల నుంచి 12 నాట్లు. మెయిన్ వీల్స్ (వెనకున్న రెండు ప్రధాన చక్రాలు) మెత్తగానే ఆనాయి. నోస్ వీల్ (ముందు చక్రం) ఆనగానే విమానం ఒక్క విసురుతో ఎడమకి తిరిగింది. యోక్ (చేతులతో తిప్పే కంట్రోల్) పూర్తిగా కుడికి తిప్పినా రాలేదు. అంచు లైట్ల దగ్గరకి వెళ్తుంటే ఇన్‌స్ట్రక్టర్ అందుకున్నారు. "ముందే బ్రేకు పట్టి ఉంటే ఆగేదా?" అని అడుగుతున్నారు.

సూటిగా జవాబు: ఆగేది కాదు, బహుశా ఇంకా చెడేది. మీరు చెప్పిన గాలి, లాగిన క్షణం, లాగిన వైపు మూడూ కలిపి చూస్తే, నోస్ వీల్ ఆనే సమయానికి మీ ఎడమ కాలు ఇంకా రడ్డర్ (ముక్కుని పక్కలకి తిప్పే తోక పలక) పెడల్‌ని తొక్కే ఉంది. దానికి తోడు వేగం నాలుగైదు నాట్లు ఎక్కువగా ఉండి, ముక్కుని త్వరగా దించేసి ఉంటారు. మందు కూడా అక్కడే ఉంది. నోస్ వీల్‌ని వీలైనంత ఆలస్యంగా దించండి. అది ఆనే క్షణంలో పెడల్స్‌ని దాదాపు మధ్యకి తీసుకురండి. యోక్‌ని మాత్రం గాలి వైపే ఉంచి, వేగం తగ్గేకొద్దీ ఇంకా తిప్పుతూ పోండి.

ఇంత నమ్మకంగా ఎందుకు చెప్తున్నానంటే, లాగిన వైపే సాక్ష్యం. గాలి మీ కుడి నుంచి, రన్‌వేకి 50 డిగ్రీల కోణంలో వస్తోంది. 12 నాట్లలో పక్కగాలి వాటా సుమారు 9 నాట్లు. నేల మీద దొర్లుతున్న విమానానికి నిలువు తోక మెయిన్ వీల్స్‌కి చాలా వెనక ఉంటుంది. పక్కగాలి ఆ తోకని అవతలికి నెడితే ముక్కు గాలి వచ్చే వైపుకి, అంటే మీ విషయంలో కుడికి తిరగాలి. దీన్నే వెదర్‌కాకింగ్ అంటారు. మీ విమానం ఎడమకి పోయింది. కాబట్టి దోషి గాలి కాదు, గాలికి విరుగుడుగా మీరు పెట్టి మరిచిపోయిన రడ్డర్.

172 ముందు చక్రం లోపల జరిగేది తెలిస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. గాల్లో ఉన్నప్పుడు నోస్ స్ట్రట్ (ముందు చక్రాన్ని మోసే కాడ) పూర్తిగా సాగి ఉంటుంది, అప్పుడు చక్రం నిటారుగా లాక్ అయిపోతుంది. మీరు పెడల్ ఎంత తొక్కినా చక్రం తిరగదు. కానీ పెడల్స్‌కీ చక్రానికీ మధ్య స్ప్రింగ్ ఉన్న స్టీరింగ్ బంజీ ఉంది. మీ కాలి ఒత్తిడి అందులో దాచుకుని ఉంటుంది. కుడి నుంచి గాలి వస్తే కుడి రెక్క దించి, ఎడమ రడ్డర్ పట్టి దిగుతారు కదా. అదే కాలితో నోస్ వీల్ ఆనిందంటే స్ట్రట్ మీద బరువు పడుతుంది, లాక్ విడుతుంది, బంజీ దాచుకున్నదంతా ఒక్కసారిగా చక్రం మీదకి వచ్చి దాన్ని ఎడమకి తిప్పుతుంది. "నోస్ వీల్ ఆనగానే విసురుగా" అన్న మీ మాటకి అర్థం ఇదే. పెడల్స్‌తో ఆ చక్రం రెండు వైపులా సుమారు 10 డిగ్రీలు తిరుగుతుంది. 50 నాట్ల మీద మూడు నాలుగు డిగ్రీలు కూడా చాలా ఎక్కువ.

పైపర్ పీఏ-28 రకాల్లో ఈ లాక్ లేదు. పెడల్ తొక్కితే చక్రం గాల్లోనే తిరిగి ఉంటుంది. అక్కడ ఆనే ముందే కాలు సర్దుకోవాలి. డైమండ్ డీఏ40, సిరస్‌లలో ముందు చక్రం పెడల్స్‌కి కలిపి ఉండదు, సూపర్‌మార్కెట్ ట్రాలీ చక్రంలా తనంతట తాను తిరుగుతుంది. వాటిలో ఈ విసురు రాదు. కాకపోతే రడ్డర్ పట్టు పోయాక దారి మార్చడానికి ఒక వైపు బ్రేకు తప్ప దిక్కు లేదు. రేపు బహుళ రకాలు నడపాల్సినవారు ఈ తేడాని ఇప్పుడే ఒంటికి పట్టించుకోవాలి.

లాగిన వైపుని బట్టి కారణం పట్టుకోవడం

నోస్ వీల్ ఆనేటప్పుడు, గాలికి అవతలి వైపుకి ఒక్కసారిగా లాగితే అది మీ కేసే, అంటే మరిచిపోయిన రడ్డర్.

గాలి వచ్చే వైపుకి నెమ్మదిగా, ఆగకుండా లాగుతూ పోతే వెదర్‌కాకింగ్. మెయిన్ వీల్స్ ఆనగానే "అయిపోయింది" అనుకుని కాళ్లు వదిలేసినవారికి ఎదురయ్యేది ఇది. వేగం తగ్గేకొద్దీ రడ్డర్ బలం తగ్గుతుంది, పక్కగాలి మాత్రం తగ్గదు. అందుకే 60 నాట్ల దగ్గర సరిపోయిన కాలు 35 దగ్గర సరిపోదు.

ముక్కు నేరుగానే ఉండి విమానం మొత్తం గాలికి అవతలికి జారితే, యోక్ మధ్యకి వచ్చేసింది, గాలి వైపు రెక్క లేస్తోంది. ఆ వైపు చక్రం మీద బరువు లేదు కనుక పట్టూ లేదు.

గాలే లేని రోజున కూడా ప్రతిసారీ ఎడమకే వెళ్తుంటే రెండు అనుమానాలు. ఒకటి చూపు. మీరు ఎడమ సీటులో ఉన్నారు. ఇంజిన్ కౌలింగ్ (ఇంజిన్ మీది మూత) నడిబొడ్డుని రన్‌వే చివర మధ్యకి కలిపి చూస్తే ముక్కు నిజానికి కొంచెం ఎడమకి తిరిగి ఉంటుంది. ముక్కు మధ్య కాదు, మీ కళ్లకి సూటిగా ఎదురుగా కౌలింగ్ మీద ఉన్న చోటుని గురుతుగా పెట్టుకోవాలి. ఒక రివెట్టో, గీతో ఏదైనా చాలు. టాక్సీవే మధ్యగీత మీద విమానం నేరుగా నిలిచి ఉన్నప్పుడు ఆ చోటు వెతుక్కోండి. రెండో అనుమానం విమానం మీద. ఎడమ బ్రేకు పట్టేస్తుండవచ్చు, ఎడమ టైరులో గాలి తక్కువ ఉండవచ్చు. దాని సంగతి కింద చెప్తాను.

ఒక సంగతి తేలిగ్గా కొట్టేద్దాం. ఎడమకి లాగితే చాలామంది "ఇంజిన్ టార్క్" అంటారు. థ్రాటిల్ ఐడిల్‌లో ఉండగా ఆ ప్రభావం లెక్కలోకి రాదు. అది గో అరౌండ్‌లో (దిగడం మానేసి పూర్తి పవర్‌తో మళ్లీ పైకి వెళ్లడంలో) వస్తుంది, అప్పుడు మాత్రం గట్టిగానే వస్తుంది.

యోక్‌తో ఎందుకు రాలేదు

కారు అలవాటు కాళ్లకంటే ముందు చేతుల్ని కదిలిస్తుంది. విమానం ఎడమకి పోతే చేతులు వాటంతటవే కుడికి తిరుగుతాయి. నేల మీద యోక్ స్టీరింగ్ కాదు, ముందు చక్రానికి దానితో సంబంధమే లేదు. పైగా యోక్ కుడికి తిప్పితే ఎడమ ఎయిలరాన్ (రెక్క వెనక అంచున కదిలే పలక) కిందకి దిగుతుంది. అటువైపు గాలి నిరోధం పెరుగుతుంది, ముక్కు ఎడమకే ఇంకాస్త లాగబడుతుంది.

మీ విషయంలో ఒక మెలిక ఉంది. గాలి కుడి నుంచి కనుక యోక్ కుడికే ఉండాలి. అంటే మీరు తిప్పిన వైపు సరైనదే, తిప్పిన ఉద్దేశం తప్పు. "పూర్తిగా కుడికి తిప్పాను" అన్నారంటే అప్పటిదాకా అది మధ్యలోనో, దగ్గర్లోనో ఉందన్నమాట. ఆనిన మరుక్షణం ఎయిలరాన్ వదిలేసి ఉంటారు. ఇదే అలవాటుతో రేపు ఎడమగాలిలో దిగారనుకోండి. వెదర్‌కాకింగ్‌తో ముక్కు ఎడమకి పోతుంది, చేతులు కుడికి తిరుగుతాయి. గాలి వైపున ఉన్న ఎడమ రెక్క లేస్తుంది, ఆ రెక్క నిరోధం ముక్కుని ఇంకా ఎడమకి లాగుతుంది. రెండు తప్పులూ ఒకే దిక్కుకి కలిసిపోతాయి. అందుకే విద్యార్థులతో నేను ఒకటే అనిపిస్తాను: చేతులు గాలికి, కాళ్లు గీతకి. చేతులు గాలి ఎటుంటే అటు. కాళ్లు మధ్యగీత ఏం చెప్తే అది. ఒకదాని పని ఇంకొకటి చేయకూడదు.

మీకున్న సమయం ఎంత

55 నాట్లంటే సెకనుకి సుమారు 28 మీటర్లు. అమెరికాలో చిన్న ఎయిర్‌పోర్టుల్లో 75 అడుగుల వెడల్పు రన్‌వేలు మామూలే. మధ్యగీత నుంచి అంచుకి 11 మీటర్లు చిల్లర. ముక్కు 5 డిగ్రీలు పక్కకి తిరిగితే సెకనుకి రెండున్నర మీటర్లు పక్కకి పోతారు, అంచుకి నాలుగు సెకన్లు. 10 డిగ్రీలైతే రెండు సెకన్లు. ఆలోచించి చేసే పనికి ఇది చాలదు. కాళ్లు అప్పటికే కదులుతూ ఉండాలి. ఫ్లేర్ (ఆనే ముందు ముక్కు ఎత్తి దిగుడు తగ్గించడం) నుంచి టాక్సీ (నేల మీద మెల్లగా నడపడం) వేగం దాకా పెడల్స్ మీద చిన్న చిన్న కదలికలు ఆగకూడదు. ఒకసారి గట్టిగా తొక్కి పట్టుకుని ఉండటం కాదు. తొక్కి, వదిలి, చూసి, మళ్లీ తొక్కడం. పట్టి ఉంచితే ముక్కు మధ్యకి వచ్చి అక్కడ ఆగదు, అవతలికి దూసుకుపోతుంది. ఆ రెండో ఊపు మొదటిదాని కంటే పెద్దదిగా ఉంటుంది. రన్‌వే బయటకి తీసుకుపోయేది సాధారణంగా అదే.

షార్ట్ ఫైనల్ (రన్‌వేకి నేరుగా వచ్చే ఆఖరి అంచె) నుంచి టాక్సీ దాకా

వేగంతో మొదలుపెడదాం, ఎందుకంటే మిగతా చాలా జబ్బులకి మూలం అదే. 172ఎస్ పుస్తకం (తయారీదారు మాన్యువల్) ఫ్లాప్స్ (రెక్కల వెనక దించే పలకలు) దించి వచ్చే మామూలు అప్రోచ్‌కి 60 నుంచి 70 నాట్లు, షార్ట్ ఫీల్డ్‌కి (పొట్టి రన్‌వేకి) 61 నాట్లు ఇస్తుంది. గాలి విసుర్లుంటే ఆ విసురు తేడాలో సగం కలుపుకోవచ్చు. 15 నుంచి 25కి ఎగిరే గాలికి 5 నాట్లు. అంతకు మించి "భద్రత కోసం" కలిపేది భద్రత కాదు. 60కి బదులు 70తో ఆనితే విమానంలో ఉన్న శక్తి 36 శాతం ఎక్కువ, అదంతా చక్రాలే మింగాలి. ఆ వేగంలో రెక్కలు ఇంకా ఎత్తుతూనే ఉంటాయి. విమానం దిగడం లేదని విద్యార్థి యోక్‌ని ముందుకి నెడతాడు. బరువంతా ముందు చక్రం మీదకి, మెయిన్ వీల్స్ తేలికగా. ఇటుకలు మోసే ఒంటిచక్రం బండి తలచుకోండి, ముందు చక్రం చుట్టూ అది ఎటంటే అటు తిరుగుతుంది. ఇంగ్లిష్‌లో దీన్ని వీల్‌బారోయింగ్ అనడం అందుకే. మందు ఒకటే, యోక్‌ని వెనక్కి వదులు చేయడం.

ఫ్లాప్స్ విషయానికొస్తే, బలమైన పక్కగాలిలో రన్‌వే పొడవుకి సరిపోయే కనీస ఫ్లాప్స్ వాడమని సెస్నా పుస్తకమే చెప్తుంది. పొడవైన రన్‌వే మీద 9 నాట్ల పక్కగాలికి 20 డిగ్రీలు చాలు.

ఫైనల్ మీద ముక్కుని గాలి వైపు తిప్పి క్రాబ్‌లో రావడం హాయి. 65 నాట్లకి 9 నాట్ల పక్కగాలి అంటే సుమారు 8 డిగ్రీల క్రాబ్. అయితే 45 గంటల పైలట్‌కి ఫ్లేర్‌లో ఆఖరి క్షణాన క్రాబ్ విడిపించడం కష్టం. నా మాట వింటే 200 అడుగుల దగ్గరే రెక్క దించి స్లిప్‌లోకి రండి. కుడిగాలికి కుడి రెక్క దించండి, విమానం పక్కకి జారడం ఆగేంతవరకు మాత్రమే. ఎడమ రడ్డర్‌తో ముక్కుని గీతకి సమాంతరంగా పెట్టండి. ఇందులో లాభం ఏంటంటే, గాలి మీ శక్తికి మించిందా లేదా అన్నది అక్కడే తెలిసిపోతుంది. ఎడమ పెడల్ చివరికంటా తొక్కినా ముక్కు గీత మీదకి రాకపోతే ఈ రన్‌వే మీకు ఈ పూట కాదు. 200 అడుగుల మీద ఆ సంగతి తెలియడం, రెండు అడుగుల మీద తెలియడం ఒకటి కాదు. స్లిప్‌లో దిగుడు కొంచెం పెరుగుతుంది, ఆ మేరకు పవర్ ఇచ్చుకోవాలి.

ఫ్లేర్‌లో వేగం పడిపోతుంటే ఎయిలరాన్, రడ్డర్ రెండూ పట్టు కోల్పోతాయి. కాబట్టి పట్టిన పట్టు అలాగే ఉంచితే చాలదు, రెండూ కొంచెం కొంచెం పెంచుతూ రావాలి. చాలామంది సరిగ్గా ఇక్కడే చూపు దగ్గరకి దించి, ఆనే ఘట్టంలో కాళ్లు బిగపట్టుకుంటారు. చూపు రన్‌వే చివర ఉండాలి, ముక్కు తిరగడం అక్కడే ముందుగా తెలుస్తుంది. స్టాల్ హారన్ (వేగం మరీ తగ్గిందని హెచ్చరించే మోత) మోగుతుండగా గాలి వైపు మెయిన్ వీల్, కుడిది, ముందు ఆనాలి. ఒక్క చక్రం మీద క్షణం దొర్లడం తప్పు కాదు, అదే సరైన తీరు. తర్వాత ఎడమది తనంతట తాను దిగుతుంది. ముక్కుని యోక్ వెనక్కి పట్టి ఆపండి. అప్పటికి కుడి ఎయిలరాన్ సగం దాకా వచ్చి ఉంటుంది.

ఇక అసలు క్షణం. ఎలివేటర్ (ముక్కుని ఎత్తి దించే తోక పలక) బలం తగ్గి ముక్కు దిగడం మొదలవుతుంది. అది కిందకి వస్తున్నంతసేపూ ఎడమ కాలిని వదులు చేస్తూ రండి, ఆనేసరికి పెడల్స్ దాదాపు సమంగా ఉండాలి. జాగ్రత్త, దీన్ని "కాళ్లు తీసేయడం" అనుకోవద్దు. చక్రం ఆనిన మరుక్షణం వెదర్‌కాకింగ్ కుడికి లాగడం మొదలుపెడుతుంది, మళ్లీ కొద్దిగా ఎడమ పెడల్ కావాలి. ఈసారి పని చేసేది చక్రం కూడా కనుక వేలితో తాకినంత చాలు. యోక్‌ని కుడికి తిప్పుతూనే వెళ్లి, టాక్సీ వేగానికి చేరేసరికి చివరికంటా తిప్పి ఉంచండి. ఫ్లాప్స్, కార్బ్ హీట్ (కార్బురేటర్‌కి వేడి గాలి ఇచ్చే మీట), రేడియో ఏదీ రన్‌వే దాటి ఆగేదాకా ముట్టుకోవద్దు. దొర్లుతూ ఫ్లాప్ లీవర్ కోసం తల దించిన ఆ రెండు సెకన్లు పైన లెక్క వేసిన రెండు సెకన్లే.

కాళ్లు ఎక్కడ పెడుతున్నారు? మడమలు నేల మీద, పాదం ముందుభాగం పెడల్ కింది అంచున. పాదం పైకి జరిగితే రడ్డర్‌తోపాటు బ్రేకు కూడా తొక్కుతారు, మీకు తెలియనే తెలియదు. సీటు ఎంత ముందుకంటే, ఒక పెడల్ చివరిదాకా తొక్కినప్పుడు మోకాలు ఇంకా కొద్దిగా వంగి ఉండాలి. పొట్టిగా ఉన్నవారు వీపు వెనక మెత్త పెట్టుకోవడానికి మొహమాటపడనక్కర్లేదు. సీటు జరిపాక ముందుకీ వెనక్కీ ఊగి లాక్ పడిందో లేదో చూడండి. పాత సెస్నాల్లో సీటు పట్టాల అరుగుదల మీద అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ 1987లోనే తప్పనిసరి తనిఖీ ఆదేశం ఇచ్చింది. అరిగిన పట్టాల మీద సీటు వెనక్కి జారితే కాళ్లు అందవు.

లాగేసింది, ఇప్పుడేం చేయాలి

థ్రాటిల్ పూర్తిగా వెనక్కి ఉందో లేదో చూడండి. ఒకటి రెండు వందల ఆర్‌పీఎం మిగిలిపోవడం మామూలు తప్పు. యోక్ వెనక్కి, గాలి వైపుకి. లాగిన దానికి వ్యతిరేక పెడల్, ముక్కు తిరగడం ఆగేంత. ఆగగానే సగం వదలండి. ముందు ముక్కుని రన్‌వేకి సమాంతరంగా పెట్టడమే పని. మధ్యగీతకి తిరిగి రావాలన్న తొందర వద్దు. గీతకి ఐదు మీటర్ల ఎడమన సమాంతరంగా దొర్లి ఆగినవారు క్షేమంగానే టాక్సీ చేస్తారు. గీత మీదకి ఒక్క ఊపున రావాలని లాగినవారే రెండో వైపు గడ్డిలో తేలతారు.

బ్రేకు ఎందుకు వద్దన్నానో ఇప్పుడు చెప్తాను. 50 నాట్ల దగ్గర విమానం బరువంతా ఇంకా చక్రాల మీదకి దిగలేదు. తేలికగా ఉన్న చక్రం కొంచెం బ్రేకుకే తిరగడం మాని ఈడ్చుకుపోతుంది. ఈడ్చుకుపోయే టైరుకి పక్కకి నిలదొక్కుకునే పట్టు ఉండదు, రబ్బరు అరిగి పగిలినా పగలొచ్చు. పైగా కంగారులో రెండు కాళ్లూ సమానంగా పడవు. అయితే బ్రేకు ఎప్పుడూ తాకకూడదని కాదు. వేగం 30 లోపుకి వచ్చి, వ్యతిరేక రడ్డర్ చివరిదాకా పెట్టినా ముక్కు రాకపోతే, అదే వైపు బ్రేకుని కొద్దికొద్దిగా తాకి వదలడం సరైన పనే. బ్రేకుతో 172 ముందు చక్రం 30 డిగ్రీల దాకా తిరుగుతుందన్నది గుర్తుంచుకుని తాకాలి.

రన్‌వే దిగిపోవడం ఖాయమని తెలిసిపోతే పోరాడకండి. నిటారుగా గడ్డిలోకి వెళ్లి, యోక్ పూర్తిగా వెనక్కి పట్టి, ముందు చక్రం మీద బరువు తగ్గించి ఆగనివ్వండి. 20 నాట్లతో నేరుగా గడ్డిలోకి వెళ్లిన విమానం చాలాసార్లు పెద్ద దెబ్బ లేకుండానే ఆగుతుంది. అదే 20 నాట్లతో అడ్డంగా తిరుగుతూ వెళ్తే రెక్క కొన నేలకి తగులుతుంది, గేరు మడుచుకుపోతుంది. మన దగ్గర నల్లరేగడి నేల వానకి నానిందంటే ముందు చక్రం కూరుకుపోయే ప్రమాదం ఉంది, అక్కడ యోక్ వెనక్కి పట్టడం మరీ ముఖ్యం.

గో అరౌండ్ గురించి గట్టిగా ఒక మాట. అది ముందుగా తీసుకోవాల్సిన నిర్ణయం, చివరి ఆయుధం కాదు. ఫ్లేర్‌లో పక్కకి జారుతున్నారా, బౌన్స్ అయ్యారా, ఆనీ ఆనకుండా ముక్కు పక్కకి చూస్తోందా, వెళ్లిపోండి. కానీ మూడు చక్రాలూ ఆని, వేగం 40కి పడి, విమానం ఎడమ అంచు వైపు చూస్తున్నప్పుడు పూర్తి పవర్ ఇవ్వడం చెడు బేరం. వేగం తక్కువ, పవర్ ఎక్కువ, ఫ్లాప్స్ దిగి ఉన్నాయి. ఇంతకు ముందు లెక్కలోకి రాదన్న టార్క్, దానికి తోడు పీ-ఫ్యాక్టర్ (ప్రొపెల్లర్ లాగుడు ఒక పక్క ఎక్కువ కావడం) ఇప్పుడు వచ్చి ముక్కుని ఇంకా ఎడమకే తోస్తాయి. కుడి కాలు సిద్ధంగా లేకపోతే హ్యాంగర్ల వైపు వెళ్తారు. సరైన వేళలో చేసే గో అరౌండ్ 172ఎస్‌లో ఇలా: పూర్తి థ్రాటిల్, దాంతోపాటే కుడి రడ్డర్, ఫ్లాప్స్ 20కి, 60 నాట్లతో ఎక్కడం, తర్వాత 10, అడ్డంకులు దాటి 65 వచ్చాక పూర్తిగా పైకి. కార్బురేటర్ ఉన్న పాత మోడళ్లలో కార్బ్ హీట్ తీసేయడం కూడా.

గాలిని చదవడం

పుస్తకంలో 172కి 15 నాట్లు, 152కి 12 నాట్లు అని ఉండేది పరీక్షించి చూపిన పక్కగాలి మాత్రమే. అది నిషేధ రేఖ కాదు, మీకు హామీ కూడా కాదు. తయారీదారు టెస్ట్ పైలట్ ఆ గాలిలో దిగి చూపించాడు, అంతే. మీ సోలో పరిమితి మీ ఇన్‌స్ట్రక్టర్ రాసిన అంకె.

పక్కగాలి వాటా కట్టడానికి సైన్ పట్టిక గుర్తుండకపోతే గడియారంలో నిమిషాల్లా లెక్కించండి. కోణం 15 డిగ్రీలైతే గాలిలో పావు వాటా, 30 అయితే సగం, 45 అయితే ముప్పావు, 60 దాటితే మొత్తం. విసుర్లుంటే పెద్ద అంకెతోనే లెక్కించాలి. మెటార్‌లో (ఎయిర్‌పోర్టు వాతావరణ నివేదికలో) గాలి దిశ నిజ ఉత్తరం నుంచి, టవర్ చెప్పేది అయస్కాంత ఉత్తరం నుంచి. హైదరాబాద్ లాంటి చోట ఈ తేడా పట్టించుకునేంత ఉండదు. అమెరికా వాయవ్య మూలలో మాత్రం రన్‌వే ఎంపికే మారిపోవచ్చు. వీటన్నిటికంటే నమ్మదగింది ఫైనల్ మీద కనిపించే విండ్‌సాక్ (గాలి దిశ చూపే గుడ్డ గొట్టం). అమెరికా ప్రమాణం ప్రకారం అది 15 నాట్లకి పూర్తిగా చాచుకుంటుంది. రన్‌వేకి అడ్డంగా కర్రలా నిలబడి ఉందంటే 172 పుస్తకంలోని అంకెకి చేరినట్టే. హ్యాంగర్ల వరస పక్కన ఆనే చోటు ఉంటే, వాటి చాటున గాలి లేక, సందు రాగానే ఒక్కసారి తోస్తుంది. ఆ సందు ఎక్కడుందో టాక్సీ చేసేటప్పుడే చూసి పెట్టుకోండి.

తడి రన్‌వే మీద ఇంకో లెక్క. నీరు నిలిచి ఉంటే టైరు నీటి మీద తేలే వేగం నాట్లలో సుమారుగా, టైరు పీడనం వర్గమూలానికి 9 రెట్లు. 36 పీఎస్ఐ టైరుకి 54 నాట్లు. చిన్న విమానాల టైర్లలో పీడనం తక్కువ కనుక మనం ఆనే వేగంలోనే ఇది వచ్చేస్తుంది. తేలుతున్న చక్రానికి స్టీరింగూ లేదు, బ్రేకూ లేదు. అప్పుడు మీ చేతిలో ఉన్నవి రడ్డర్, ఎయిలరాన్ మాత్రమే.

విమానం మీద అనుమానం ఉంటే

పార్కింగ్ నుంచి కదలగానే బ్రేకులు విడివిడిగా తాకి చూడండి. ఒకటి మెత్తగా లోపలికి పోతుంటే అందులో గాలి చేరి ఉండొచ్చు. నిటారు టాక్సీవే మీద, గాలి లేనప్పుడు, పెడల్స్ వదిలి కొన్ని మీటర్లు వెళ్తే ఏ వైపు లాగుతుందో తెలుస్తుంది. నోస్ స్ట్రట్‌లో గాలి మరీ ఎక్కువ నింపితే నేల మీద కూడా అది సాగే ఉంటుంది, మధ్య లాక్ పూర్తిగా విడదు, స్టీరింగ్ పనిచేయదు. మరీ తక్కువైతే ప్రొపెల్లర్ నేలకి దగ్గరవుతుంది. టో బార్‌తో (విమానాన్ని చేత్తో జరిపే కడ్డీతో) తోసేటప్పుడు చక్రాన్ని 30 డిగ్రీలు దాటించి తిప్పినవారు స్టాప్స్ (చక్రం అతిగా తిరగకుండా ఆపే అడ్డులు) విరగ్గొట్టి చెప్పకుండా వెళ్లిపోతుంటారు, ప్రీఫ్లైట్‌లో అక్కడ వంగి చూడండి. ముందు చక్రం గడగడా వణికితే షిమ్మీ డ్యాంపర్ (ఆ వణుకుని అణిచే భాగం) బలహీనపడింది. అప్పటికప్పుడు యోక్ వెనక్కి లాగి బరువు తగ్గిస్తే వణుకు తగ్గుతుంది, దిగాక మెకానిక్‌కి చెప్పాలి.

తోక చక్రం విమానాల గురించి మీరు అడగలేదు, ఒక్క పేరా. 172లో బరువు కేంద్రం మెయిన్ వీల్స్‌కి ముందు ఉంది, ముక్కు పక్కకి తిరిగితే చక్రాల రాపిడి దాన్ని నేరు చేస్తుంది. ట్రాక్టర్ ట్రాలీని ముందుకి లాగడం లాంటిది. పైపర్ కబ్‌లో, ఒకప్పుడు మన ఫ్లయింగ్ క్లబ్బుల్లో తిరిగిన హెచ్ఏఎల్ పుష్పక్‌లో బరువు కేంద్రం మెయిన్ వీల్స్‌కి వెనక. ట్రాలీని వెనక్కి నెడుతున్నట్టు, చిన్న వంకర దానంతటదే పెరిగి విమానం గిర్రున తిరిగిపోతుంది. అదే గ్రౌండ్ లూప్. అక్కడ ఆనాక స్టిక్ పొట్టకి తగిలేదాకా వెనక్కి, కాళ్లు ఆగేదాకా కదులుతూనే. 172లో కాళ్లు బద్ధకించినా చాలాసార్లు విమానమే కాపాడుతుంది. అందుకే అక్కడ చెడు అలవాటు చాలాకాలం బయటపడదు.

సాధన

ఇన్‌స్ట్రక్టర్‌ని ఈ రెండు అడగండి. 3,000 అడుగుల మీద ఒక నిటారు రోడ్డు పట్టుకుని, 70 నాట్ల దగ్గర కుడి స్లిప్, ఎడమ స్లిప్ మార్చి మార్చి, ముక్కు రోడ్డు మీద నుంచి కదలకుండా. ఇది పది నిమిషాలు చేస్తే చేతులూ కాళ్లూ విడివిడిగా పనిచేయడం వస్తుంది. తర్వాత, పొడవైన రన్‌వే మీద 65 నాట్లతో, చక్రాలు ఆనకుండా, మనిషి ఎత్తులో మధ్యగీత వెంట చివరిదాకా ఎగిరి గో అరౌండ్. యోక్ ఇన్‌స్ట్రక్టర్ పట్టుకుని కాళ్లు మీరు, తర్వాత అటుదిటు. ఒక్క ల్యాండింగ్‌లో దొరికే నాలుగు సెకన్ల సాధన ఇక్కడ అరనిమిషం దొరుకుతుంది. టాక్సీలో కూడా గాలికి తగ్గట్టు యోక్ పెట్టడం మానొద్దు. ఎదురు పక్కగాలికి యోక్ గాలి వైపు, వెనక పక్కగాలికి గాలికి అవతలగా, ముందుకి.

చివరగా, ఆ రోజు నడిపిన విమానం సంగతి. పక్కకి విసిరిన ల్యాండింగ్ తర్వాత అది మళ్లీ ఎగిరే ముందు మెకానిక్ చూశారా అని అడగండి. టైర్ల పక్కగోడలు, ఒకే చోట అరిగిన మచ్చ, వీల్ ఫెయిరింగ్ (చక్రం మీది తొడుగు) పగుళ్లు, బ్రేకు గొట్టాల కారుడు చూడాలి. నోస్ వీల్ గట్టిగా ఆనిందని అనుమానం ఉంటే కౌలింగ్ తీసి ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) కింది భాగం, నోస్ గేరు బిగించిన చోట రేకు ముడతలు పడిందేమో చూడాలి. సెస్నాల్లో ఆ ముడత బయటికి కనిపించదు. మీ కాళ్ల దగ్గర కార్పెట్ ఎత్తితే లోపలి వైపు నుంచి కొంత తెలుస్తుంది.